సమస్యాపూరణం: కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి

హంసపాదు (నిర్వహణ):
ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. ముందరి మూడు పాదాలూ మీరు పూరించాలి.

*కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి*

విషయం నోటుపుస్తకం. వద్దనుకున్న మాటనే కదా కొట్టేస్తాం, మరి అది కొంగుబంగారం ఎలా అయింది? ఆ చిక్కు మీరే విప్పాలి. పూరణతో పాటు మీ నోటుపుస్తకం గురించి కూడా రెండు ముక్కలు రాయండి.

సిరామరక:

తెరను జెఱిపిన మాటకుఁ దెరువు లేదు
కాగితమ్మున గీఁతల కడుపులోన
నిలిచి మరునాఁడు పలికెను "నేనె మేలు"
కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి

నేను కుడిపుట మీదే రాస్తాను. ఎడమపుట ఖాళీగా ఉంచుతాను, రెండో ఆలోచన వస్తే అక్కడికి బాణం గీస్తాను. రబ్బరు వాడను. కొట్టేసేటప్పుడు కూడా ఒక్క గీతే, లోపలి మాట కనబడాలి.

హంసపాదు:
"గీఁతల కడుపు" బాగా పండింది. "తెరను" మాత్రం తొలిచూపులో ద్వితీయలా వినిపిస్తోంది, తెరనే చెరిపేశారా అనిపిస్తుంది. సప్తమిగా, అంటే "కంప్యూటరు తెర మీద" అని తీసుకుంటే ఇబ్బంది లేదు. మూడో పాదంలో "ని-నే" యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం హల్లులోనూ అచ్చులోనూ కుదరడం) చక్కగా ఉంది.

రూళ్లకర్ర:
పూరణ కాదు, అభ్యంతరం. తెర మీద చెరిపిన మాటకు తెరువు లేదని ఎవరన్నారు? ఇప్పుడు మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది కదా.

సిరామరక:
ఉంది. కానీ అక్కడ నేను వెతుక్కుంటూ వెళ్లాలి. పుట మీదైతే కొట్టేసిన మాట పక్కమాట చదువుతుంటే తానే కంట్లో పడుతుంది. వెతకాలని తోచనివాడికి ఆ దాచిన చరిత్ర ఎందుకు?

చిత్తుప్రతి:
కాస్త కొంటెగా:

జేబుపుస్తక మొక్కటి చేతఁ బట్టి
యొక్క మూలను గూర్చుండి యొరులు పలుకు
మాటలను దొంగిలించితి మాటు వేసి
కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి

హంసపాదు:
శభాష్! "కొట్టివేయు"కి దొంగిలించడమనే అర్థం తెచ్చి సమస్య నడుం విరిచారు. సమస్యలో అక్షరం కదల్చకుండా అర్థాన్ని పక్కకు జరపడమే పూరణలో అసలు పనితనం. "జే-చే" సరే, ఒకే వర్గపు హల్లులు కాబట్టి వర్గయతి. "దొంగిలించితి" అని ముందే చెప్పేయకుండా ఉంటే చివరి పాదంలో మెరుపు ఇంకా ఎక్కువుండేది. అదొక్కటే నా కొరత.

ఇంతకీ అలా కొట్టుకొచ్చిన మాటలు తర్వాత దొరికేదెలా? నా జేబుపుస్తకాలు నిండాక చెత్తకుప్పలే.

చిత్తుప్రతి:
పుటలకు అంకెలు వేసుకుంటాను, చివరి రెండు పుటలు సూచికకి వదిలేస్తాను. ఈ పద్ధతికి పెద్ద పెద్ద వాళ్లున్నారు. తత్త్వవేత్త జాన్ లాక్ తన సేకరణ పుస్తకానికి ఒక సూచిక పద్ధతి కనిపెట్టాడు, అది 1686లో ఫ్రెంచిలో అచ్చయింది. మాట మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు చూసి గళ్లలో వేస్తాడు. ఇన్ని విషయాలకీ సూచిక రెండు పుటల్లో ఇమిడిపోతుంది.

హంసపాదు:
హల్లూ చూడాలి, అచ్చూ చూడాలి. అంటే పాపం ఆయన తెలియకుండానే యతి చూసుకున్నాడన్నమాట!

అట్టముక్క:

గీఁత గీఁతను గలుపఁగఁ గిలకిలమని
పిట్ట యెగిరెను పుటనుండి పెదవి విప్పి
తప్పుకే రెక్క మొలిచెను దాఁగలేక
కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి

రవీంద్రుడి వ్రాతప్రతులు తలుచుకుని రాశాను. ఆయన కొట్టివేతలను ఊరికే వదిలేవారు కాదు, ఒకదానితో ఒకటి కలిపి పక్షులుగా, వింత జంతువులుగా మార్చేవారు. 1924లో అర్జెంటీనాలో అక్కడి రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నప్పుడు నోటుపుస్తకంలోని ఆ గీతలు చూసి ఆవిడ ముచ్చటపడింది. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరగడానికి సాయపడిందీ ఆవిడే.

రూళ్లకర్ర:
పిట్టకు పెదవేమిటండీ?

అట్టముక్క:
యతి కోసం పడిన పాట్లు. "వింతఁ గొలిపి" అంటే?

హంసపాదు:
"పిట్ట యెగిరెను పుటనుండి వింతఁ గొలిపి". "పి-విం" చెల్లుతుంది, పెదవి బెడదా తీరింది. ఇప్పటివరకు వచ్చిన వాటిలో నా ఓటు దీనికే. "తప్పుకే రెక్క మొలిచెను దాఁగలేక" అనే పాదం నేను రాసి ఉంటే బాగుండేదనిపించింది.

సిరామరక:
దీనికి ఎదురు ఉదాహరణ గణితవేత్త రామానుజన్. కాగితం కొనే స్తోమత లేక లెక్కలన్నీ పలక మీద చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. ఆ పుస్తకాల్లోని సూత్రాలకు రుజువులు కూర్చి గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ తెచ్చిన సంపుటాలు ఐదు, 1985 నుంచి 1998 దాకా పట్టింది. మోచేయి తుడిచిన మెట్లు గీతల కింద మిగిలి ఉంటే!

కొత్తపాళీ:
నమస్కారమండీ, ఛందస్సుకి కొత్త. తప్పులుంటే చెప్పండి.

అందమగు పుస్తకమునందు నక్షరమ్ము
వ్రాయ భయపడి నెలలుగా వదలి యుంటి
మొదటి తప్పుతో నా భయమ్ము ముగిసెనయ్య
కొట్టివేసిన పదమె నా కొంగుపసిఁడి

నిజంగా జరిగిందే. కుట్టు బైండింగు, మందపాటి కాగితం, సిరా అవతలికి దిగదు. అంత మంచి పుస్తకం పాడుచేస్తానేమోనని అలమరలోనే ఉంచాను.

హంసపాదు:
భావం సమస్యకు సూటిగా తగిలింది. మూడో పాదంలో గణాలు తప్పాయి. "నా భయ" వరకు సరిపోయి, "మ్ము" అనే లఘువు (పొట్టి అక్షరం) మిగిలి, తర్వాత రావాల్సిన సూర్యగణాలను (రెండు మూడు అక్షరాల చిన్న గణాలను) చెడగొట్టింది. "భయమెల్ల" అని చూడండి.

కొత్తపాళీ:
మొదటి తప్పుతో భయమెల్ల ముగిసెనయ్య. కుదిరిందండీ! పై పద్యంలో దిద్దేయనా?

హంసపాదు:
వద్దమ్మా. అడ్డంగా ఒక గీత గీసి, కింద కొత్త పాదం రాయండి. "నా భయమ్ము" కూడా కనబడనివ్వండి.

అట్టముక్క:
ఆదిలోనే హంసపాదు అంటారు కదా, ఇక్కడ హంసపాదు గారే స్వయంగా దిగారు.

రూళ్లకర్ర:
సరే, ఒప్పుకున్నాను. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుంటాను. స్పైరలా, కుట్టుదా, ఏది మేలు?

చిత్తుప్రతి:
కుట్టుదే తీసుకోండి. స్పైరల్‌లో పుట చింపడం మరీ సులువు.