"చీమ చిటుక్కుమన్నా": దెయ్యం సినిమా మొదటి సీనుకి ఈ మాట పనికొస్తుందా?

అమలాపురం నుంచి:
మా వీధి కుర్రాళ్లు దెయ్యం కథతో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారండి. మొదటి సీనులో "చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం" అని రాసుకున్నారు. సౌండ్ చూసే అబ్బాయేమో "అయితే ట్రాక్ ఖాళీగా వదిలేయనా?" అంటున్నాడు. అసలు చీమ చిటుక్కుమనడం ఏమిటి? ఆ అబ్బాయికి ఏమని చెప్పమంటారు?

రాజోలు నుంచి:
చీమని కాసేపు వదిలేసి చివరున్న "అన్నా" చూడండి. చిటుక్కుమంది అనలేదు. చప్పుడింకా రాలేదు, వస్తే మాత్రం తప్పకుండా వినపడుతుంది. అంటే వినేవాడు అప్పటికే చెవులు రిక్కించుకుని ఉన్నాడు. దీని పక్కన "గుండె ఝల్లుమంది" పెట్టండి. అది జరిగిపోయిన పని, ఇంక ఎదురుచూడ్డానికేం లేదు.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోకి చెప్పిన బాంబు ఉదాహరణలో ఉన్నదీ ఈ తేడానే. బల్ల కింద బాంబు ఉన్నట్టు మనకి తెలియకుండా పేలిందనుకోండి, 15 సెకన్ల ఉలికిపాటు. ముందే మనకి చూపించి, బల్ల దగ్గరున్నవాళ్లని తీరిగ్గా కబుర్లాడుకోనిస్తే 15 నిమిషాల టెన్షన్. మనవాళ్లు చాలామంది తలుపు కిర్రుమనడం, గజ్జెలు ఘల్లుమనడం, పిల్లి మీదకి దూకడం అన్నీ మొదటి రీల్లోనే ఖర్చుపెట్టేస్తారు. ఇంక మిగతా రెండు గంటలూ ఏం పెట్టి భయపెడతారు?

సొరచేప సినిమా "జాస్" (1975) మొదట్లో రాత్రిపూట ఈదుతున్న అమ్మాయిని ఏదో కిందికి లాగేస్తుంది. సొర మాత్రం కంటపడదు. జాన్ విలియమ్స్ కట్టిన రెండు స్వరాలు అంతకుముందు టైటిల్స్‌లోనే మన చెవిలో పడ్డాయి. ఆ తర్వాత అవి వినపడితే చాలు, నీళ్లు ఖాళీగా ఉన్నా కాళ్లు ముడుచుకుంటాం.

సౌండ్ అబ్బాయికి నా మాటగా చెప్పండి, ట్రాక్ ఖాళీ పెట్టొద్దని. పూర్తిగా ఖాళీ అయితే జనం స్పీకర్ పోయిందనుకుంటారు. ఊడ్పులయ్యాక రాత్రిపూట చేలో కప్పల గోల రికార్డు చేయమనండి. గట్టు మీద మనిషి నడిస్తే ఆ దగ్గర్లో కప్పలు ఠక్కున ఆగిపోతాయి, దూరానివి అరుస్తూనే ఉంటాయి. తెర మీద మనిషిని చూపించొద్దు. ముందు చేను చివర కప్పలు ఆగాలి. కాసేపటికి ఇంకాస్త ఇవతలివి ఆగాలి. ఆ మనిషి ఎంత దగ్గరికొచ్చాడో చూసేవాళ్లే లెక్కేసుకుంటారు. నన్నడిగితే సినిమా పేరు కూడా అప్పటిదాకా వేయక్కర్లేదు.

పాలకొల్లు నుంచి:
కప్పలు బాగున్నాయి గానీ, మీరు చీమని ఎగ్గొట్టేశారండి. చిటుక్కు అంటే ఎండుపుల్ల విరిగిన చప్పుడు. చీమ బరువుకి పుల్ల విరగదని అందరికీ తెలుసు. ఆ జరగని పనిని కూడా వినగలిగేంత నిశ్శబ్దం అని చెప్పడమే అందులో అతిశయోక్తి.

ఇంకో మాట. నిశ్శబ్దం లేకుండా కూడా మొదలెట్టొచ్చు. దెయ్యాల హోటల్ కథ "ది షైనింగ్" (1980) పట్టపగలే మొదలవుతుంది. కొండదారిలో ఒక చిన్న కారు పోతుంటే కెమెరా ఆకాశంలోంచి దాని వెనక పడుతుంది. అంతే, ఇంకేమీ జరగదు. వెనకాల వినపడేది మాత్రం అంత్యక్రియల్లో పాడే పాత లాటిన్ చర్చి పాట వరస. కారులో ఉన్నవాడికి ఆ పాట వినపడదు, మనకి వినపడుతుంది. చీమ కావాలంటే ఆ కారే చీమ!

రాజోలు నుంచి:
ఆయ్, ఒప్పుకుంటానండి. కారు దానిపాటికి అది పోతోంది, ముందేం ఉందో పాటకి తెలుసు. బల్ల కింద బాంబు ఉన్నట్టే.

అమలాపురం నుంచి:
ఇద్దరికీ థాంక్సండి. కాకపోతే ఇప్పుడు కాలవలు కట్టేశారు, చేలు బీటలిచ్చేశాయి. కప్పల్ని ఎక్కణ్ణించి తేమంటారు? వీళ్లేమో వచ్చేవారమే తీసేస్తామంటున్నారు.

రాజోలు నుంచి:
కొబ్బరితోటలో కీచురాళ్లున్నాయిగా, వాటితో కానివ్వమనండి. అవీ అడుగు దగ్గరపడితే ఆగుతాయి. తలుపు కిర్రు మాత్రం వద్దండి బాబూ.