ఈ వారం సమస్య: రంగు వేయ కారు రంగు పోయె

అలిపిరి వాసి
పోయిన శనివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరో బైక్ హ్యాండిల్‌తో నా కారు వెనక బంపర్‌ను గీకి పోయారు. జానెడు గీత. అడిగితే ఒక్కరూ నోరు మెదపరు. "కాణిపాకం వస్తారా, ప్రమాణం చేద్దురు" అన్నాను. అందరూ నవ్వి లిఫ్ట్ ఎక్కేశారు. సరే, టచప్ రంగు సీసా తెచ్చుకుని నేనే దిగాను. అందులోంచి పుట్టిందే ఈ ఆటవెలది చివరి పాదం:

*రంగు వేయ కారు రంగు పోయె*

అయిదూ సూర్యగణాలే ('రంగు', 'వేయ' లాంటి మూడు మాత్రల ముక్కలు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదట కుదిరే జోడీ) రం–రం. పై మూడు పాదాలు మీవి. నా కారుకు ఏమైందో పూరణలు వచ్చాక చెబుతా.

పుత్తూరు అక్క
కోడు చూడకుండ కొన్నట్టి సీసాను
తెచ్చి పూసినాడు తెలుపు పైన
ముత్యమంటి తెలుపు ముదురు మీగడయాయె
రంగు వేయ కారు రంగు పోయె

మా ఇంటాయన నిర్వాకమే ఇది. కారు తెల్లది కదా, ఏ తెలుపైతే ఏమన్నాడు.

చిత్తూరు మాస్టారు
నడక బాగుందమ్మా. 'ముదురు మీగడ' చదవగానే కారు కళ్లకు కట్టింది. 'కొన్నట్టి'లో 'అట్టి' మాత్రం గణం నింపడానికే వచ్చింది. 'కోడు చూడకుండ కొట్టులో సీసాను' అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ చేరుతుంది.

టింకరింగ్ అన్న
నాకు గణాలు తెలియవు, రంగులు తెలుసు. తెలుపు ఒక్కటి కాదక్కా. మీ బండిది ఏ తెలుపో చెప్పే రంగు కోడ్ ఉన్న స్టిక్కర్ డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీదో, బానెట్ కిందో ఉంటుంది, బండిని బట్టి. అది రాసుకుని కొట్టుకు పోవాలి. బండి పాతదైతే కోడ్ కలిసినా కొంచెం తేడా వస్తుంది, ఎండకు వెలిసి ఉంటుంది కదా. ముందు కనపడని మూల ఒక చుక్క పెట్టి, ఆరాక చూడమనండి.

పలమనేరు కుర్రోడు
మొదటి పద్యం, తిట్టకండి.

కొండ మీద కోతి కూర్చుండి గోకెను
బానెటంత గీత బారులాయె
ఎండలోన రంగు నింపుచు మురిసితి
రంగు వేయ కారు రంగు పోయె

చిత్తూరు మాస్టారు
తిట్టను నాయనా, మొదటి రెండు పాదాలు శుభ్రంగా ఉన్నాయి. 'కొ'కు 'కూ' చక్కగా చెల్లింది. మూడో పాదంలో జారావు. 'ఎ'కు 'నిం' యతి వేశావు. 'నింపు'లోని నకారం ఆ మాటకు పుట్టుకతో వచ్చింది, ముందు మాట చివర చేరే నకారం, అంటే ద్రుతం కాదు. దాన్ని విడదీసి 'ఇంపు' చేసి అచ్చుయతి లెక్కపెట్టకూడదు. ఇంకో సంగతి, మురిసిన వాడికి రంగెందుకు పోయిందో పద్యంలో లేదు. ఇలా చూడు:

ఎండలోన పొంగి యెండి పొక్కులు లేచె

ఇప్పుడు నాలుగో పాదానికి కారణం దొరికింది.

టింకరింగ్ అన్న
మాస్టారూ, మీరెప్పుడైనా షెడ్డులో పనిచేశారా? జరిగేది సరిగ్గా అదే. కత్తిరి ఎండలో రేకు కాలుతూ ఉంటే పైపొర ముందే ఆరి తోలు కడుతుంది. లోపలి తిన్నర్ ఆవిరికి దారి లేక పొక్కులు లేస్తాయి. చెయ్యి పెడితే రేకు చల్లగా ఉండాలి, నీడలో వెయ్యాలి. అది సరే తమ్ముడూ, గీత మీద గోరు అడ్డంగా లాగి చూశావా?

పలమనేరు కుర్రోడు
చూశానన్నా. గోరు ఎక్కడా తట్టలేదు. నీళ్లు చల్లితే గీతే కనపడలేదు.

టింకరింగ్ అన్న
అయితే రంగు పైనున్న మెరుపు పొర, క్లియర్ కోట్ మాత్రమే గీసుకుంది. పాలిష్ పెడితే పోయేది. నువ్వు రంగే వెయ్యక్కర్లేదు సామీ!

పుత్తూరు అక్క
డబ్బుంటే కొండ మీద కోతైనా దిగి వస్తుందంటారు. ఈ కోతి దిగి వచ్చి డబ్బు ఖర్చు పెట్టించింది.

రేణిగుంట మిత్రుడు
మురికి పోవుననుచు ముంచి తిన్నరులోన
గుడ్డ నెత్తి నాన్న గుంజి రుద్ద
గీత మాయమయ్యె కింద రేకు మిగిలె
రంగు వేయ కారు రంగు పోయె

పుత్తూరు అక్క
బాగుంది కానీ, నాన్న ఇంకా రంగు వెయ్యనే లేదు కదా?

చిత్తూరు మాస్టారు
మంచి ప్రశ్న. 'వేయ' అంటే 'వేయగా' అనే కాదు, 'వేయుటకు' అనీ చెల్లుతుంది. వేద్దామని మొదలుపెడితే ఉన్నదే పోయింది. సమస్యను ఆ సందులోంచి విప్పడం నాకు నచ్చింది. మూడో పాదంలో 'గీ'కు 'కిం' కూడా సరిపోయింది.

టింకరింగ్ అన్న
కంపెనీ పెయింట్‌ను ఓవెన్‌లో కాలుస్తారు, ఒక్క గుడ్డకు రేకు తేలదు. మహా అయితే మెరుపు చస్తుంది. ఆ కారుకు ముందెప్పుడో ఎన్‌సీ పెయింట్, అదే తిన్నర్ తగిలితే కరిగిపోయేది, కొట్టించారా?

రేణిగుంట మిత్రుడు
కొట్టించారు. చవగ్గా అవుతుందని. ఆ సంగతి నాన్నకు గుర్తు చేసి తిట్లు కూడా తిన్నాను.

అలిపిరి వాసి
ఇక నా వంతు. సీసా మూతకున్న బ్రష్‌తో గీత పొడవునా ఒక్క లాగు లాగాను. ఆరాక చూస్తే పొలం గట్టులా లేచి ఉంది. చదును చేద్దామని ఇంట్లో ఉన్న 400 నంబర్ వాటర్ పేపర్, అదే గరుకు కాగితం, అందుకున్నా. గట్టు పోయింది. దాంతోపాటు చుట్టూ అరచేయంత మేర మెరుపూ పోయింది. రెండు చోట్ల నల్లటి ప్లాస్టిక్ కందిగింజంత తొంగి చూస్తోంది. మా ఆవిడ ఆ రెండింటికీ దిష్టిచుక్కలని పేరు పెట్టింది.

చిత్తూరు మాస్టారు
ఆ దిష్టిచుక్కల మీదే నా పూరణ.

తెల్ల బంపరందు దేలిన నలుపుపై
పుల్ల మొనను ముంచి బొట్టు పెట్ట
పాలలోన పాలు పడినట్లు కలిసెను
రంగు వేయ కారు రంగు పోయె

పలమనేరు కుర్రోడు
పాలలో పాలలా కలిసిపోతే రంగెక్కడ పోయింది సార్?

చిత్తూరు మాస్టారు
కారుమబ్బు, కారుచీకటి అంటామే, ఆ 'కారు'. పోయింది నలుపు నాయనా, బండి రంగు కాదు.

రేణిగుంట మిత్రుడు
అబ్బా! మేమంతా నాలుగు చక్రాల చుట్టూనే తిరుగుతున్నాం.

టింకరింగ్ అన్న
పుల్లతో బొట్టు సరైన పద్ధతే. ప్లాస్టిక్ తేలింది కాబట్టి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ చుక్క పెట్టండి. సీసా బాగా కుదిపి, రంగు పలచగా పెట్టి, ఆరాక ఇంకో బొట్టు. చివర క్లియర్ కోట్. 400 పేపర్ జోలికి మళ్లీ పోవద్దు, బాగా నున్నగా ఉండే 2000 నంబర్‌ది, అదీ నీళ్లతో. అరచేయంత మెరుపు పోయిన చోటు మాత్రం పుల్లతో రాదు. అది షెడ్డు పనే.

అలిపిరి వాసి
ఆదివారం పొద్దున్నే కూర్చున్నా. మొదటి చుక్క కుదిరింది. రెండోదానికి చెయ్యి వణికి కొంచెం పక్కకు పోయింది, తడి మీదే తుడిచేసి మళ్లీ పెట్టా. మా ఆవిడ వంగి చూసి "దిష్టి పోయింది, షెడ్డు ఖర్చు పోలేదు" అంది. మాస్టారూ, వచ్చే వారం పాదం మీరే ఇవ్వండి.

చిత్తూరు మాస్టారు
మీ పుల్లే ఇచ్చింది:

*పుల్ల తోడ కొండ పూడిపోయె*