గూఢలిపిని అన్ని సబ్జెక్టుల్లోనూ చెప్పాలా, అక్కర్లేదా?

లెక్కల మాస్టారు:
మా బడి స్టాఫ్‌రూమ్‌లో వారం నుంచీ ఇదే గొడవ. గూఢలిపిని, అంటే ఇతరులకు అర్థం కాకుండా అక్షరాలు మార్చి రాసే విద్యను, కంప్యూటర్ పీరియడ్‌కే వదిలేయకుండా తెలుగు, లెక్కలు, సోషల్‌లోనూ తలా కాస్త చెబుదామన్నాను. ఉన్న సిలబస్సే అవట్లేదని సగం మంది విసుక్కున్నారు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి:
నేనూ ఆ సగం మంది వైపే. క-భాష పిల్లలకు ఎవరు నేర్పారండీ? ‘కరే కపు కసె కల కవు’ అని మావాళ్లు నా ఎదురుగానే మాట్లాడుకుంటారు. పాఠం చేస్తే ఆ సరదా కాస్తా పోతుంది.

తెలుగు టీచర్:
అమ్మా, నిరుడు ఏడో తరగతిలో చేయించి చూశాను. సీజర్ తన ఉత్తరాల్లో ఒక్కో అక్షరాన్ని మూడు స్థానాలు జరిపేవాడట. మేం హల్లును ఒక్క స్థానమే జరిపాం, గుణింతం కదపలేదు. ‘రేపు సెలవు’ కాస్తా ‘లేఫు హెవశు’ అయింది. వెనక బెంచీ పిల్ల రెండు నిమిషాల్లో విప్పేసింది. ‘రెండు మాటలకీ చివర కొమ్ముంది టీచర్, గుణింతం మార్చలేదన్నమాట’ అంది. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి అని ఎన్నిసార్లు చెప్పానో! ఆ రోజే తలకెక్కింది.

వీణ క్లాసు:
మాకిది కొత్తేం కాదు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో రాగం పేరులో మొదటి రెండక్షరాలు చూస్తాం: ధ అంటే 9, ర అంటే 2. తిరగేస్తే 29, అదే ధీరశంకరాభరణం అనే మేళకర్త (మూలరాగం) సంఖ్య. ఉత్త ‘శంకరాభరణం’ అయితే 15 వస్తుంది, అది మాయామాళవగౌళ రాగానిది. అందుకే ముందు ‘ధీర’ తగిలించారు.

సెక్యూరిటీ ఉద్యోగి:
బాగుంది కానీ అది గూఢలిపి కాదండీ. దాచడానికి కాదు, గుర్తుంచుకోవడానికి పెట్టిన సంకేతం. రెండూ కలిపేస్తే పిల్లలకు అయోమయమే. మాస్టారు చెప్పాల్సింది అరబ్ పండితుడు అల్-కిందీ సంగతి. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి గుట్టు విప్పే పద్ధతిని 9వ శతాబ్దంలోనే రాశాడాయన. లెక్కలూ, చరిత్రా ఒకే పీరియడ్‌లో అయిపోతాయి. వాట్సాప్‌లో మెసేజ్‌లను దాచే గూఢలిపీ ఇదే అని మాత్రం చెప్పకండి, దాని గణితం వేరు.

ఇద్దరు పిల్లల తల్లి:
సరే, కొమ్ము సంగతి విన్నాక కాస్త మెత్తబడ్డాను. కానీ మార్కులు పెట్టకండి మాస్టారూ. పెడితే దానికీ గైడ్ కొనమంటారు.