అప్‌డేట్: పాత ఎక్స్‌టీలోని వీడియో కార్డు ఏదో తేలింది, తెర వెలిగింది

నాన్నగారి ఎక్స్‌టీ క్లోన్‌లో (ఐబీఎం పాత ఎక్స్‌టీ కంప్యూటర్‌కి నకలు) పేరూ ఊరూ లేని వీడియో కార్డు ఉందని, ఏ మానిటర్ కలపాలని అడిగాను కదా. తేలిపోయింది.

ఒకే రంగు చూపే మోనోక్రోమ్ కార్డు, రంగులు చూపే సీజీఏ, ఈజీఏ కార్డులు, అన్నింటికీ అదే 9 పిన్నుల సాకెట్. దాన్ని చూసి చెప్పలేం. దుమ్ము తుడిచాక తెరని నడిపే 6845 చిప్ దగ్గర, కార్డుకి వేగం ఇచ్చే వెండి రంగు క్రిస్టల్ డబ్బా మీద 16.257 (మెగాహెర్ట్జ్) అని సన్నగా కనిపించింది. అది మోనోక్రోమ్ కార్డు గుర్తు! పక్కనే 25 పిన్నుల ప్రింటర్ పోర్టు కూడా ఉంది. మెమొరీ చిప్పులు కలిపితే 64 కేబీ. అక్షరాలు మాత్రమే చూపే ఐబీఎం మోనోక్రోమ్ కార్డు ఎండీఏలో ఉండేది 4 కేబీయే. కాబట్టి ఇది 720×348 చుక్కల గ్రాఫిక్స్ కూడా చూపే హెర్క్యులిస్ రకం మోనోక్రోమ్ కార్డు.

దీనికి సీజీఏ మానిటర్ మాత్రం తగిలించకండి. దాని లైన్ ఫ్రీక్వెన్సీ (తెర మీద అడ్డగీతలు గీసే వేగం) 15.7 కిలోహెర్ట్జ్, ఈ కార్డుది 18.4. మానిటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ కార్డు సిగ్నల్ టీటీఎల్, అంటే డిజిటల్; తర్వాత వచ్చిన వీజీఏ మానిటర్‌కి అనలాగ్ సిగ్నల్ కావాలి కాబట్టి నేరుగా కుదరదు.

తెలిసినవాళ్ల దగ్గర టీటీఎల్ మోనోక్రోమ్ మానిటర్ దొరికింది. మదర్‌బోర్డు స్విచ్‌లు కలర్‌కి పెట్టి ఉన్నాయి. 5, 6 రెండూ ఆఫ్ చేశాను. ఆన్ చేయగానే వీడియో తప్పుందని వచ్చే ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌ల గోల పోయింది. ఆకుపచ్చ అక్షరాలు చూసి నాన్నగారు కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నారు.

క్రిస్టల్ చూడమన్న అన్నగారికి చాలా థాంక్స్. ఇక ప్రింటర్ పోర్టు సంగతి చూడాలి.