దివిటిపల్లి ఫ్యాక్టరీని నమ్ముకొని మెటలర్జీ సీటు తీసుకోవచ్చా?

మిర్యాలగూడ తండ్రి:
మా అబ్బాయికి ఎప్‌సెట్ ర్యాంకును బట్టి జేఎన్‌టీయూలో మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) గాని, ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్స్ గాని వచ్చేలా ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా సంస్థ బ్యాటరీ సెల్స్ ఫ్యాక్టరీ పెడుతున్నది కనుక ఇక మెటలర్జీకే గిరాకీ అని బంధువులు అంటున్నారు. వెబ్ ఆప్షన్లలో దేన్ని ముందు పెట్టమంటారు?

పాలమూరు మెటలర్జిస్టు:
మెటలర్జీనే పెట్టండి, అయితే మీ బంధువులు చెప్పిన కారణంతో కాదు. 2023లో శంకుస్థాపన జరిగిన ఆ ఫ్యాక్టరీకి ప్రకటించిన సామర్థ్యం ఏటా 16 గిగావాట్-అవర్ల సెల్స్, పెద్దదే. కానీ ఏ ఫ్యాక్టరీలోనైనా యంత్రాల దగ్గర నిలబడేది ఎక్కువగా ఐటీఐ, డిప్లొమా వాళ్లే. రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ ఆరిన తర్వాత ఎందుకు పొరలుగా ఊడుతున్నది, వందలసార్లు ఛార్జింగ్ చేసిన సెల్‌లో లిథియం ఎక్కడ చిక్కుకుపోయింది అని తేల్చవలసి వచ్చినప్పుడే మాతో పని పడుతుంది. మీకు దగ్గరి దామరచర్లలోనే చూడండి: యాదాద్రి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు 5, వాటి బాయిలర్ గొట్టాలు 500 డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ల తరబడి ఒత్తిడిని మోస్తూ కంటికి తెలియనంత నెమ్మదిగా సాగుతుంటాయి. దాన్ని క్రీప్ అంటాం; గొట్టం పగలకముందే దానికి మిగిలిన ఆయుష్షును లెక్కగట్టడం మా చదువు. పైగా లోహాలు, పదార్థాల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థలు మిధాని, డీఎంఆర్‌ఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, బాలాపూర్ ఏఆర్‌సీఐ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

దేవరకొండ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మిత్రులు సంస్థల పేర్లు చెప్పారు గాని, వాటిలో ఏటా ఎన్ని ఖాళీలు పడతాయో చెప్పలేదు. నేనూ ఈ బ్రాంచే చదివాను. మా తరగతిలో సగానికి పైగా నాలాగే కోడింగ్ నేర్చుకొని సాఫ్ట్‌వేర్‌లో తేలారు. చివరకు చేరే చోటికి మొదటే వెళ్తే తప్పేమిటి? కౌలు సేద్యం మీద నడిచే మా ఇంట్లో బీటెక్ తర్వాత మరో రెండేళ్ల ఎంటెక్ చదువు అనే మాటే ఎత్తలేకపోయాను.

పాలమూరు మెటలర్జిస్టు:
ఖాళీలు తక్కువన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయితే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో మెటలర్జీకి విడిగా పేపరుంది, దాన్ని రాసేవారు కంప్యూటర్ సైన్స్ వారికంటే చాలా తక్కువ. ఆ స్కోరుతో ఐఐటీలో ఎంటెక్ సీటు దొరికితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది. ఇంతకూ మీ అబ్బాయికి ఇంటర్‌లో కెమిస్ట్రీ మీద ఇష్టం ఉండేదా? అది లేకపోతే నా మాటలన్నీ పక్కన పెట్టండి.

మిర్యాలగూడ తండ్రి:
వాడికి కెమిస్ట్రీ అంటేనే విసుగు, సార్. అయితే కంప్యూటర్ సైన్స్‌ను ముందు పెట్టి, మెటలర్జీని దాని కింద ఉంచుతాం.