పల్ప్ ఫ్యాక్టరీ తొక్కలు, టెంకలు మామిడి తోటలో వేయొచ్చా? బయోచార్ చేస్తే మేలా?

బంగారుపాళ్యం తోట:

అందరికీ నమస్తే. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఐదెకరాల బెంగళూరా మామిడి తోట, బోరు కింద డ్రిప్. సీజన్ వస్తే పల్ప్ ఫ్యాక్టరీ తొక్కలు, టెంకలు ట్రాక్టర్లలో తెచ్చి రోడ్డు పక్కన, ఎండిన కుంటల్లో పోసి పోతుంటారు. ఈసారి ఒక ట్రాక్టర్ అతను "మీ తోటలోనే పోస్తాం, రూపాయి ఇవ్వొద్దు, మంచి ఎరువవుతుంది" అంటున్నాడు. మా బావ పోయించుకోమంటాడు. తిరుపతిలో చదివే మా అబ్బాయేమో టెంకలు గాలి తగలకుండా కాల్చి బయోచార్ (మట్టిలో కలిపే బొగ్గు) చేస్తే భూమికి బలం, పైగా కార్బన్ గాలిలో కలవకుండా మట్టిలో దాచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల డబ్బు కూడా వస్తుందంటాడు. పక్క తోటలో పోయించుకున్న చోట నల్లనీళ్ళు కారుతున్నాయి, కంపుకి అటువైపు పోలేకపోతున్నాం. అందుకే టెన్షన్. మాది ఎర్ర గరప నేల. భూసార కార్డులో పీహెచ్ 7.8, సేంద్రియ కర్బనం తక్కువ అని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

తిరుపతి మట్టి:

అన్నా, తిరుపతిలో పర్యావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పనంతా పండ్ల వ్యర్థాల మీదే కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

పచ్చి సరుకు నేరుగా చెట్ల కింద మాత్రం పోయించుకోవద్దు. కారణం కంపు ఒక్కటే కాదు. ఆ కుప్పలోంచి నాలుగు టెంకలు తీసి కొడవలితో చీల్చి చూడండి. జీడి తెల్లగా, గట్టిగా ఉంటే సరే. నల్లబడి పొడిపొడిగా రాలుతూ, లోపల కాళ్ళు లేని తెల్లటి పురుగు కానీ, పొట్టి ముక్కున్న ముదురు గోధుమరంగు పెద్ద పురుగు కానీ కనిపిస్తే అది టెంక పురుగు. పిందె మీదే గుడ్డు పెడుతుంది, ఆ గాటు పూడిపోతుంది, కాయ పైకి నున్నగానే ఉంటుంది. కాయ కుళ్ళాక బయటికి వచ్చి బెరడు పగుళ్ళలో దాక్కుని మళ్ళీ పూత, పిందె టైముకి లేస్తుంది. అంటే ఎవరి తోట పురుగునో మనమే ట్రాక్టర్‌తో తెచ్చి మన చెట్టు మొదట్లో దించుకున్నట్టు. పండు ఈగ సంగతీ అంతే. దాని పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అవుతుంది, పాది కింద మెత్తటి మట్టి దానికి బాగా అనుకూలం. ఒకవైపు ఎర బుట్టలు కట్టుకుంటూ ఇంకోవైపు ఈ కుప్పలు పోయించుకుంటే బుట్టలకు పెట్టిన ఖర్చు వృథా.

మీరు చూసిన నల్లనీళ్ళ గురించి. తొక్కలో చక్కెర, పులుపు, నీరు ఎక్కువ. అవి కుళ్ళి కారే నీళ్ళు కుంటలో కలిస్తే, వాటిని తినే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ఆక్సిజన్ అంతా పీల్చేస్తాయి, చేపలు చస్తాయి. కుప్ప లోపల గాలి ఆడదు కాబట్టి మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు. గుజ్జు తీసేశాక కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఇలా వ్యర్థంగా మిగులుతుంది. మన చిత్తూరు సీజన్‌లో ఎన్ని ట్రాక్టర్లు తిరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. ఇది ఒక్క రైతు నెత్తిన వేసే భారం కాదు, అసలు ఫ్యాక్టరీ గేటు దగ్గరే తేలాల్సిన విషయం. ఉచితంగా ఇస్తున్నారంటే పారబోసే ఖర్చు వాళ్ళకు తప్పుతోందని అర్థం. బేరం మీ చేతిలో ఉంది. తొక్క వేరు, టెంక వేరు చేసి తెస్తేనే దించుకుంటానని చెప్పండి. యంత్రాలు కడిగిన కాస్టిక్ నీళ్ళ బురద కలిసిన సరుకైతే అసలు వద్దు.

తొక్కను కంపోస్టు చేయండి. చెట్లకు దూరంగా, నీళ్ళు నిలవని మిట్ట మీద. కింద ఎండాకు, చెనక్కాయ పొట్టు మందంగా పరిచి, తొక్క, పేడ, మళ్ళీ పొట్టు, ఇలా పొరలు వేయండి. పొట్టు తగ్గితే కారుతుంది, కంపు కొడుతుంది. పిడికిట్లో పిండితే తడి తగలాలి కానీ ధార కారకూడదు. ఒక ఇనుప కడ్డీ మధ్యలో గుచ్చి కాసేపు ఉంచి తీస్తే చెయ్యి పట్టుకోలేనంత వేడి ఉండాలి. 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే పురుగు, ప్యూపా చస్తాయి. అంచుల్లో ఆ వేడి రాదు, అందుకే తిరగేసేటప్పుడు బయటిది లోపలికి పోవాలి. ఈ ఒక్క పని బద్ధకించకుండా చేస్తే చాలు.

టెంక మాత్రం కంపోస్టులో త్వరగా కరగదు, పెంకు కట్టెతో సమానం. మీ అబ్బాయి చెప్పింది దానికి సరిపోతుంది. అయితే మీ పీహెచ్ 7.8 అన్నారు కదా, అక్కడే నాకు అభ్యంతరం. ప్రపంచమంతా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి 2017లో వచ్చిన ఒక విశ్లేషణలో, బయోచార్‌తో ఉష్ణమండల నేలల్లో దిగుబడి సగటున 25 శాతం దాకా పెరిగింది, చల్లటి దేశాల్లో ఏమీ పెరగలేదు. ఆ పెరుగుదలకు ముఖ్య కారణం అక్కడి నేలలు పుల్లనివి కావడం. చార్ క్షారం కాబట్టి సున్నంలా పనిచేసింది. మీ నేల ఇప్పటికే క్షారం వైపు ఉంది. ఎకరాకు టన్నులు టన్నులు గుమ్మరిస్తే జింకు, ఇనుము అందడం తగ్గి ఆకులు పాలిపోవచ్చు. కాబట్టి చార్‌ను నేరుగా పాదిలో వేయకండి. పొడి చేసి కంపోస్టు కుప్పలోనే పదో వంతుకు మించకుండా కలపండి. అమ్మోనియాగా ఎగిరిపోయే నత్రజనిని అది పట్టి ఉంచుతుంది, వాసన కూడా తగ్గుతుంది.

పాకాల పాడి:

మాకు పాడి ఉంది, దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంట్ నడుపుతున్నాం. తొక్క గ్యాస్‌కి చాలా బాగా పనికొస్తుంది. కానీ పేడ లేకుండా ఒట్టి తొక్క వేస్తే లోపల పులిసిపోయి మంట ఆగిపోతుంది. నేను పేడ మూడు బుట్టలు, సన్నగా తరిగిన తొక్క ఒక బుట్ట, అంతకు మించనివ్వను. స్లర్రీ పుల్లటి వాసన వచ్చిందంటే వెంటనే తొక్క ఆపి ఒట్టి పేడ పోస్తాను. మీకు పశువులుంటే ఇదే ముందు ఆలోచించండి తమ్ముడూ, వంటకు సిలిండర్ తగ్గుతుంది, స్లర్రీ పాదులకు పోతుంది.

తిరుపతి మట్టి:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మీథేన్ చేసే సూక్ష్మజీవులకు పీహెచ్ 7 అటూ ఇటూ ఉండాలి, 6.5 కిందికి పోతే పని మానేస్తాయి. పేడ ఆ పులుపును అడ్డుకుంటుంది. సీజన్ రెండు నెలలే కదా అంటారా, దానికీ దారి ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు 1990ల్లోనే మామిడి తొక్కను సైలేజీలా పాతర వేసి నిల్వ చేసి, తర్వాత గ్యాస్ తీయొచ్చని చూపించారు. మొక్కజొన్న పాతర వేసేవాళ్ళకి ఇది కొత్త పని కాదు.

బంగారుపాళ్యం తోట:

చాలా థాంక్స్ మేడమ్, అక్కా. టెంకలు చీల్చి చూశాను, కొన్నిట్లో నల్లగా పొడి ఉంది, రెండింట్లో పురుగు దొరికింది. ట్రాక్టర్ వద్దని చెప్పేశాను, వేరు చేసి తెస్తే చూద్దామన్నాను. మా అబ్బాయి కార్బన్ క్రెడిట్ల మాట వదలడం లేదు. అది నిజంగా వస్తుందా?

తిరుపతి మట్టి:

మంచి పని చేశారన్నా. అబ్బాయి అన్నది గాలి మాట కాదు. 2019లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన లెక్కల పద్ధతిలోనే 450 నుంచి 600 డిగ్రీల మధ్య చేసిన చార్‌లో వందేళ్ళ తర్వాత కూడా 80 శాతం కార్బన్ మట్టిలో మిగులుతుందని, 350 నుంచి 450 మధ్య అయితే 65 శాతం అని ఉంది. క్రెడిట్ ఇచ్చేది ఆ మిగిలేదానికే. కానీ ఎంత వేడిలో కాల్చారు, పొగ ఎంత వచ్చింది, చార్ ఎక్కడ వేశారు, ఇవన్నీ రుజువు చేసి ల్యాబ్ పరీక్షలు చూపించాలి. ఐదెకరాల రైతు ఒక్కడికి ఆ ఖర్చే మోయలేనిది. ఊళ్ళో రైతు సంఘమో, టెంకలు ఒక్కచోట దొరికే ఫ్యాక్టరీయో ముందుకొస్తేనే గిట్టుబాటు. ఎవరైనా ముందే డబ్బు కట్టమంటే కట్టొద్దు.

చేసి చూడాలనుంటే టెంకలు గలగలమనేదాకా ఎండనివ్వండి. తడివి కాలిస్తే పొగ, మీథేన్ లేచి మనం మిగిల్చాలనుకున్నదంతా పోతుంది. గరాటులా గుంట తీసి, అడుగున ఎండు కొమ్మలతో మంట రాజేసి, బూడిద తెల్లగా కనబడగానే ఇంకో పొర టెంకలు వేస్తూ పోవాలి. పైన మంట ఉన్నంతసేపు కిందికి గాలి పోదు. గుంట నిండాక నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పండి. పురుగున్న టెంకలకు ఇంతకంటే మంచి గతి లేదు. అబ్బాయిని ఒక ఆదివారం మా ల్యాబ్‌కి పంపండి, చార్ పిడికెడు, పాది మట్టి అడుగు లోతు నుంచి అరకిలో తెస్తే పీహెచ్, ఈసీ (లవణాల మోతాదు) నేను చూసి పెడతాను.