అప్‌డేట్: రెడిట్‌లో పోస్ట్ ఎన్నింటికి పెట్టాలి?

జనం ఓట్లేసే చర్చల సైట్ రెడిట్‌లో పోస్ట్ ఇక్కడివాళ్లకీ, అమెరికాలోని తెలుగువాళ్లకీ కనబడాలంటే ఎన్నింటికి పెట్టాలని అడిగాను కదా, తేలిందిది. మన సాయంత్రం 6:30. న్యూయార్క్‌లో అప్పుడు ఉదయం 9. కాలిఫోర్నియాలో ఇంకా 6 గంటలే, సగంమంది ముసుగుతన్ని ఉంటారు. వాళ్లూ కావాలంటే రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడ గడియారం మారుతుంది కాబట్టి ఇక్కడ గంట ఆలస్యంగా పెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

అర్ధరాత్రి పెట్టి పడుకోవడం దండగ. రెడిట్ బయటపెట్టిన పాత కోడ్‌లో ‘హాట్’ లెక్క (ఏ పోస్ట్ పైన కనబడాలో తేల్చేది) ప్రకారం 45,000 సెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు, వెనకబడ్డ పోస్ట్‌కి కొత్తదానితో సమానంగా నిలవాలంటే పదింతల ఓట్లు కావాలి. పైగా 1 నుంచి 10 ఓట్లకి ఎంత బరువో, 10 నుంచి 100కీ అంతే. కాబట్టి పెట్టాక మొదటి గంట ఫోన్ పక్కన పడేయకుండా జవాబులివ్వండి.